గాజుపలక మీద బొట్టు

కృష్ణస్వామి వాద్యారు పోయాక ఆయన రేకుపెట్టె తెరిచారు. పైన పంచెలు, వాటి కింద పాఠాలు రాసుకున్న నోటుబుక్కులు, అన్నిటికీ అడుగున పాత తువ్వాలులో చుట్టిన రెండు గాజుపలకలు ఉన్నాయి. ఒకటి బొగ్గులా నల్లగా ఉంది. దాని నడిమధ్య మాత్రం వేలికొనంత చోట నలుపు పట్టలేదు. ఆ మచ్చ గుండ్రంగా మొదలై, కిందికి చిన్న తోకలా జారింది. రెండో పలకను వెలుతురుకు పట్టి చూస్తే చాలాసేపటికి గానీ ఏమీ కనబడదు. చూడగా చూడగా దోమతెర పోగుల్లాంటి సన్నని అల్లిక తేలుతుంది. ఇంట్లో వాళ్ళు అవేవో పగిలిపోయిన ఫొటోల తాలూకు అద్దాలనుకున్నారు. ఆయన వాటిని ఎందుకు దాచుకున్నారో తెలిసినవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు, ఒకరిద్దరు తప్ప.

పందొమ్మిదివందల ఇరవైనాలుగులో ఆయనకు ముప్ఫైనాలుగేళ్ళు. పుదుచ్చేరిలో ఒక బడిలో పై తరగతులకు లెక్కలు, పదార్థ విజ్ఞానం చెప్పేవాడు. బడిలో ఫ్రెంచి, వీధిలో అరవం, ఉప్పళం పేటలోని ఇంట్లో తెలుగు. ఆ తెలుగు మాట్లాడడానికే గాని రాయడానికి పనికొచ్చేది కాదు, ఎందుకంటే ఆ ఇంట్లో తెలుగు అక్షరాలు ఎవరికీ రావు. స్వతహాగా భయస్తుడు. కాలువగట్టున నడిచేటప్పుడు నీళ్ళవైపు కాకుండా ఇళ్ళవైపు నడిచేవాడు. పైఅధికారి ఎవరైనా బడికి వస్తున్నారంటే రెండురోజుల ముందునుంచే ఆయనకు అన్నం సహించేది కాదు.

ఆయనను పెంచింది అక్క కుప్పమ్మాళ్. పన్నెండేళ్ళు పెద్దది. ఆమె మొగుడు సైగోనులో కావలి పని ఉందని ఓడెక్కి వెళ్ళాడు. రెండు ఉత్తరాలు వచ్చాయి, తరవాత ఏమీ రాలేదు. చచ్చాడన్న కబురు రాలేదు కాబట్టి కుప్పమ్మాళ్ బొట్టు తియ్యలేదు. వరదరాజులు నాయుడి దీపాల అంగడికి పనిచేసి తమ్ముణ్ణి చదివించింది. పెళ్ళిళ్ళకూ ఊరేగింపులకూ దీపాలు బాడుగకిచ్చే అంగడి అది. మొదట్లో చిమ్నీలు తుడిచేది. గ్యాసులైట్లు వచ్చాక పదేళ్ళుగా వాటికి మాంటిళ్ళు కట్టడం ఆమె పని. మాంటిల్ అంటే పట్టుదారంతో అల్లిన చిన్న సంచి. దాన్ని దీపం మూతికి దారంతో బిగించి కట్టి, ఒకసారి కాల్చి బూడిదగూడు చేస్తే, ఆ గూడే తెల్లగా వెలుగుతుంది. ముడి జారకుండా ఉండడానికి కుప్పమ్మాళ్ దారపుకొనను పెదాలమధ్య పెట్టి తడిచేసి, పంటితో పట్టి లాగేది. రోజుకు ఇరవై, ముప్ఫై. తమ్ముడికి ఉద్యోగం వచ్చి ఎన్నాళ్ళయినా ఆ పని మానలేదు.

ఆ ఏడు ఫ్రాన్సులోని మార్సెయి నుంచి వచ్చిన ఓడలో బడికి కొత్త పుస్తకాలు వచ్చాయి. పెద్దసారు ఒకటి తీసి కృష్ణస్వామి చేతిలో పెట్టి, చివరి రెండు పాఠాలు కొత్తవనీ, ఈ ఏడు పరీక్షలో అడుగుతారనీ చెప్పాడు. ఇంటికి తెచ్చి పంచపాళ్ళో కూర్చుని చదవడం మొదలుపెట్టాడు. రెండు పేజీలు తిప్పేసరికి కాళ్ళకింద నేల కదిలినట్టయింది. పద్నాలుగేళ్ళుగా పిల్లలకు ఆయన చెప్పింది ఒక్కటే: ఏ వస్తువునైనా ముక్కలు చేసుకుంటూ పోతే చివరికి పరమాణువు మిగులుతుంది, దాన్ని ఇక విడగొట్టలేం. ఈ పుస్తకం విడగొట్టవచ్చంటున్నది. దాని లోపల ఎలక్ట్రాన్లట. కొన్ని లోహాల్లో పరమాణువులు ఎవరూ ముట్టుకోకుండానే తమంత తాము పగులుతాయట. పగిలినప్పుడు కంటికి కనబడని కిరణాలు పుడతాయట, అవి కాగితాన్నీ చర్మాన్నీ దాటిపోతాయట.

పక్కన చాపమీద మాంటిళ్ళు కడుతున్న కుప్పమ్మాళ్ తల ఎత్తింది.

"ఏందిరా కిట్టప్పా, పుస్తకం చూసి నోరు తెరిచినావు? ఈగ పోతాది."

"అక్కా, పరమాణువు పగలతాదంట."

"అదేంది?"

ఆయనకు ఆ సంగతి తెలుగులో చెప్పడం అదే మొదటిసారి. మాటలు వెతుక్కున్నాడు. "ఒగ ఇసుక రవ్వ ఉండాదనుకో. దాన్ని కోసి, మళ్ళీ కోసి, ఇంగ కొయ్యలేనంత చిన్నది చేస్తివి. అది చివరిది, దాన్ని కొయ్యను కాదు అనేది పాత పాఠం. కొయ్యొచ్చు అనేది కొత్తది."

కుప్పమ్మాళ్ పంటికింద దారం పట్టుకునే ఆలోచించింది. "అయితే పద్నాలుగేండ్లు పిలకాయలకు అబద్ధం చెప్తా వచ్చినావా?"

"నాకు తెలీదు కదక్కా."

"తెలీకుండా చెప్తే అబద్ధం కాదులే. ఆ లీలమ్మను రెండు చెంబులు నీళ్ళు తెమ్మను. గొంతు ఎండిపోతా ఉండాది."

లీలమ్మ ఆయన భార్య. నీళ్ళు తెచ్చి ఇచ్చి, "వదినకు ఈ మధ్య ఎన్ని నీళ్ళు పోసినా చాలేది లే, బావి తోడి పెట్టాల" అని నవ్వుతూ వెళ్ళింది. ఆయన విననేలేదు. పేజీ తిప్పాడు.

అక్కడ ఒక చేతి బొమ్మ ఉంది. కిరణాలతో ఏళ్ళతరబడి పనిచేసిన ఒక వైద్యుడి చెయ్యి. మూడు వేళ్ళు లేవు. మొదట బొటనవేలి మీద మానని పుండు వస్తుందనీ, తరవాత వేలు, తరవాత చెయ్యి తియ్యవలసి వస్తుందనీ, అయినా ప్రాణం దక్కుతుందన్న నమ్మకం లేదనీ బొమ్మ కింద రాసి ఉంది. ఇంకో పేజీలో, ఇలాంటి కిరణాలిచ్చే లోహాల పట్టికలో, రేడియం కింద థోరియం అన్న పేరు ఉంది. దాని ఎదురుగా చిన్న అక్షరాల్లో ఒక్క వాక్యం: "తిరువాన్కూరు తీరపు ఇసుకనుంచి తీసే ఈ లోహపు ఉప్పుతోనే గ్యాసుదీపాల మాంటిళ్ళు తయారుచేస్తారు."

ఆయన ఆ వాక్యం మూడుసార్లు చదివాడు. తల ఎత్తి చూశాడు. అక్క ఒడిలో తెల్లటి మాంటిళ్ళు మల్లెమొగ్గల్లా ఉన్నాయి. దారపుకొనను పెదాలమధ్య తడిపి లాగుతున్నది. కుడిచేతి బొటనవేలికి గుడ్డపీలిక చుట్టి ఉంది.

"అక్కా, ఆ వేలికి ఏంది?"

"పిన్ను గుచ్చుకున్నింది. మానతాదిలే."

"ఎప్పుడు?"

"ఆడి మాసంలో." అంటే అప్పటికి నెలన్నర.

ఆ రోజునుంచి ఆయనకు మరో ఆలోచన లేదు. బడికి వెళ్తూ అదే, వస్తూ అదే. పిల్లలు లెక్క చెబుతుంటే వాళ్ళ నోళ్ళు కదలడం కనబడేది గాని మాట వినబడేది కాదు. నన్ను చదివించడానికి చేరిన పనిలోనే అక్క పదేళ్ళుగా ఆ విషాన్ని నోట పెట్టుకుంటున్నది అన్న మాట లోపల తిరుగుతూ ఉండేది. ఎవరికీ చెప్పలేదు. చెబితే నిజమైపోతుందని భయం. ఆసుపత్రికి తీసుకుపోదామంటే అదింకా పెద్ద భయం. అక్కడ ఒక కిరణాల యంత్రం వచ్చిందని ఊళ్ళో చెప్పుకునేవారు. పుండు చూపిస్తే వాళ్ళు మళ్ళీ అవే కిరణాలు వేస్తారేమో. లేదా పుస్తకంలో ఉన్నట్టే కత్తి తీస్తారేమో.

అయినా వాద్యారు వాద్యారే. చదివినదాన్ని పరీక్షించి చూడందే నమ్మకూడదని పిల్లలకు చెప్పేవాడు. పుస్తకంలో పరీక్ష కూడా ఉంది. ఫొటో పలకను నల్లకాగితంలో చుట్టి, దానిమీద ఆ లోహాన్ని పెట్టి, చీకట్లో కొన్నాళ్ళుంచితే, కిరణాలు కాగితాన్ని దాటి పలకను నల్లబరుస్తాయి. పెద్ద అంగడివీధిలో ఫొటోలు తీసే దామోదరన్ ఆయనకు చిన్ననాటి స్నేహితుడు. పలక అడగడానికి వెళ్తే దామోదరన్ నవ్వాడు.

"ఏం వాద్యారే, మాంటిలుకు ఫొటో తీస్తావా? దానికి కుర్చీ వేసి కూర్చోబెట్టనా, నిలబెట్టనా?"

"ఆటలాడొద్దురా. చీకటి గదిలోనే నల్లకాగితంలో చుట్టి ఇయ్యి."

దామోదరన్ రెండు పొరల నల్లకాగితంలో చుట్టి, జిగురు అంటించి ఇచ్చాడు. కృష్ణస్వామి దానిమీద ఒక కొత్త మాంటిల్ పరిచి, పైన అట్ట పెట్టి, దారంతో కట్టి, రేకుపెట్టెలో పుస్తకాల కింద పెట్టి తాళం వేశాడు. పుస్తకం చెప్పినట్టు రెండువారాలు ఉంచుదామనుకున్నాడు. పదోరోజున ఆయుధపూజ వచ్చింది. ఏటా మామూలే, ఆ రోజు ఇంట్లో ఎవరి పనిముట్లు వాళ్ళు తెచ్చి చాపమీద పెడతారు. అక్క దీపాలు, పిన్నులు, కత్తెర, లీలమ్మ కత్తిపీట, ఆయన పుస్తకాలు. అన్నిటికీ గంధం, కుంకుమ పెట్టి, మరమరాలు, శనగపప్పు, బెల్లం నైవేద్యం పెడతారు. ఆయన బడిలో పూజకు పోతూ పుస్తకాలు తీసుకొమ్మని తాళంచెవి అక్క చేతికిచ్చాడు. సాయంత్రం వచ్చేసరికి పెట్టెకు తాళం వేసి ఉంది. పొట్లం తన చోట తాను ఉంది. చూసుకుని నిమ్మళించాడు.

మరి నాలుగు రోజులకు పొట్లం పట్టుకుని దామోదరన్ దగ్గరికి వెళ్ళాడు. చీకటి గదిలో ఎర్రదీపం కింద దామోదరన్ కాగితం విప్పి, పలకను మందునీళ్ళలో వేశాడు. ఇద్దరూ వంగి చూస్తున్నారు. ఒక మూల నుంచి కాదు, అన్ని వైపులనుంచీ ఒక్కసారిగా నలుపు లేచింది. ఇంకిపోయిన కాటుక గిన్నెలా మొత్తం పలక నల్లబడిపోయింది. మధ్యలో ఒక్క మచ్చ మాత్రం తెల్లగా మిగిలింది.

"వెలుతురు తగిలినట్టుండాది, వాద్యారే. ఇది పాడైపోయింది."

"తగల్లేదు."

"తగలకుంటే ఇట్ల రాదు. నేను ఇరవై ఏండ్లుగా పలకలు కడగతా ఉండాను."

"నువ్వు సూర్యుడి వెలుతురు కడిగినావురా. ఇది వేరే వెలుతురు." ఆయన పలకను ఎర్రదీపానికి దగ్గరగా పట్టాడు. "పెట్టెకు తాళం వేసినా. ఆ తాళంచెవి నా మొలతాడుకుండాది. వెలుతురు యాడనుంచి వస్తాది?"

"మరి ఆ మచ్చ?"

"ఏదో దుమ్ము అడ్డం పడుంటాది."

భయం మనిషిని గుడ్డివాణ్ణి చేస్తుందంటారు. ఆయనను గుడ్డివాణ్ణి చెయ్యలేదు, లేనిదాన్ని చూపించింది. మాంటిల్ అల్లిక ఆనవాలైనా లేకుండా పలకంతా ఎందుకు నల్లబడింది అని ఆయన అడగలేదు. ఒకే ఒక్క మాంటిల్ పద్నాలుగు రోజుల్లో ఇంత చేస్తే, వేలాది మాంటిళ్ళు పదేళ్ళలో ఏం చేసి ఉంటాయి అనే అడిగాడు. పలకను చంకలో పెట్టుకుని కాలువగట్టున ఇంటికి వస్తుంటే మొదటిసారి నీళ్ళవైపు నడిచాడు. ఇళ్ళవైపు నడవాలని గుర్తే రాలేదు.

ఇంటికి వచ్చి అక్క ఒడిలోని మాంటిళ్ళన్నీ లాక్కుని గోనెసంచిలో పడేశాడు.

"రేయ్, రేయ్! ఏమైందిరా నీకు? నాయుడికి రేపు పెండ్లి దీపాలు ఇయ్యాల."

"నువ్వు ఇంగ ఇవి ముట్టుకోగూడదు."

"ఎందుకు?"

చెప్పాడు. పుస్తకంలోని చెయ్యి బొమ్మ సంగతి తప్ప అంతా చెప్పాడు. కుప్పమ్మాళ్ గుడ్డపీలిక చుట్టిన వేలును అటూఇటూ తిప్పి చూసుకుంది. ఆమె మొహంలో భయం లేదు, తమ్ముడిమీద జాలి ఉంది.

"కంటికి కనపడదు, కాగితంలోనుంచి పోతాది, వేలు తింటాది. ఇది పాఠమా, పిశాచమా?"

"నవ్వొద్దక్కా."

"నవ్వలేదురా. నీ మొహం చూస్తే నవ్వు రాలేదు." ఒడిలోని దారపుపోగులు దులుపుకుని, "సరి, కట్టనులే. నువ్వు అన్నం తిను" అంది.

అక్క పోతుందని ఆయన నిశ్చయించుకున్నాడు. ఎన్నాళ్ళో తెలియదు గాని పోతుంది. పోయేదాకా బలం ఉండాలని, నోటికి ఇష్టమైనవి తినాలని, తోచిందల్లా తెచ్చిపెట్టడం మొదలుపెట్టాడు. అంగడివీధిలో అరిసెల్లాంటి అదిరసాలు, పాలకోవా, తెల్లవాళ్ళ బేకరీలో చక్కెర చల్లిన రొట్టె. పొద్దున్నే పాలలో బెల్లం రెండింతలు వేసి ఇమ్మని లీలమ్మకు పురమాయించాడు. కుప్పమ్మాళ్ మొదట్లో మురిసిపోయింది.

"ఏందిరా, నలభయ్యారేండ్లకు నాకు శ్రీమంతం చేస్తా ఉండావా?"

తింటూనే చిక్కిపోయింది. ఎంత తిన్నా ఆకలి, ఎంత తాగినా దాహం. వేలు ఉబ్బి నీలంగా మారింది, మెల్లగా వాసన కూడా వచ్చింది. చూశావా, పుస్తకంలో రాసినట్టే అన్నది ఆయన మనసు. లీలమ్మ ఆసుపత్రి అన్నప్పుడల్లా ఆయన పుస్తకం తీసి ఆ చెయ్యి బొమ్మ ముందు కూర్చునేవాడు. ఒకరోజు లీలమ్మ విసుక్కుంది.

"పెరట్లో ఆ మూల చీమలు పుట్టలు పుట్టలుగా వస్తా ఉండాయి. కిరసనాయిలు పోసినా పోలేదు. వాటినైనా వచ్చి చూడండి. ఎప్పుడు చూసినా ఆ పుస్తకమేనా?"

ఆయన చూడలేదు.

ఆ రోజుల్లోనే కొత్త పాఠం చెప్పవలసి వచ్చింది. నల్లబల్లమీద పరమాణువు బొమ్మ వేస్తుంటే సుద్దముక్క రెండుసార్లు విరిగింది. రేడియం చేసే మేలూ చెప్పాడు, కీడూ చెప్పాడు. కీడు చెప్పేటప్పుడు గొంతు తగ్గింది. వెనక బల్లనుంచి చిన్నదురై అనే కుర్రవాడు లేచాడు. ఆ బడిలో సారును మెస్యే అనే పిలిచేవారు.

"మెస్యే, ఎంత తగిలితే మనిషి చస్తాడు?"

"ఏమిటి?"

"ఎంత, మెస్యే? కొంచెమా, ఎక్కువా?"

కృష్ణస్వామికి కోపం వచ్చింది. "పుస్తకంలో లేనిది అడగొద్దు, కూర్చో" అన్నాడు. పద్నాలుగేళ్ళలో ఒక పిల్లవాణ్ణి ప్రశ్న అడిగినందుకు కూర్చోబెట్టడం అదే మొదలు.

పలక కడిగిన ఐదో వారంలో కార్తీక దీపం వచ్చింది. సందెవేళ లీలమ్మ గడపలో ప్రమిదలు పేరుస్తున్నది. కుప్పమ్మాళ్ పనిమానేసి వారాలైనా, తన పాత గ్యాసులైటును తెచ్చి తుడిచి గోడపక్క నిలబెట్టింది. ఇన్నేళ్ళు అన్నం పెట్టిన దీపాన్ని పండగపూట ఊరికే ఉంచకూడదంది. కుడిచెయ్యి పనికిరాదు కాబట్టి ఎడమచేతి ఉంగరం వేలితో గంధం తీసి, దీపపు ఇత్తడి బుడ్డిమీద పెట్టి, అలవాటుగా కొంచెం కిందికి లాగింది.

గుండ్రంగా మొదలై, కిందికి తోకలా జారిన బొట్టు.

కృష్ణస్వామి ఆ బొట్టును చూశాడు. లోపలికి పోయి రేకుపెట్టెలోనుంచి నల్లపలకను తెచ్చాడు. దానికి చుట్టిన నల్లకాగితం కూడా దాంతోనే ఉంది. ప్రమిదల వెలుగులో కాగితాన్ని మొదటిసారి పూర్తిగా విప్పి చూశాడు. లోపలిపొర మధ్యలో ఎండిన గంధం, అంచున ఎర్రటి కుంకుమ రేణువులు.

"అక్కా." కాగితాన్ని ఆమె ముందు పెట్టాడు. "ఆయుధపూజ నాడు ఈ పొట్లం విప్పినావా?"

కుప్పమ్మాళ్ తప్పుచేసిన పిల్లలా చూసింది. "విప్పినా. నువ్వు అరుస్తావని చెప్పలేదు. చదువు సామాను అన్నిటికీ బొట్టు పెట్టి దీన్నొక్కదాన్నీ విడిస్తే ఎట్లరా? కాగితానికి పెట్టేద్దామనుకున్నా. కాగితానికి పూజ చేస్తే లోపలి సామానుకు చేరతాదా? అందుకే విప్పి, ఆ అద్దానికే పెట్టి, ముందుండినట్టే మళ్ళీ అతికించి పెట్టేసినా. ఏమైంది? పగిలిందా?"

పగల్లేదు. మిట్టమధ్యాహ్నం, పంచపాళ్ళో, ఆరుబయటి వెలుతురులో విప్పింది. పలకను నల్లబరిచింది సూర్యుడు. గంధం అంటిన చోట పలకమీది మందుపొర కాగితంతో ఊడిపోయి, అదొక్కటే తెల్లగా మిగిలింది. దామోదరన్ మొదటి రోజే చెప్పాడు.

ఆయన గడపమీద కూలబడ్డాడు. గుండెమీదనుంచి బండ దిగినట్టే అనిపించింది, ఒక్క క్షణం. ఆ వెంటనే అంతకన్నా చల్లని భయం పైకి వచ్చింది. కిరణాలు కాకపోతే ఆ వేలు ఎందుకు కుళ్ళుతున్నది?

"వెయ్యి చీమలైనా ఉంటాయి" అంటున్నది పెరటి గుమ్మంలో లీలమ్మ, ప్రమిద పట్టుకుని. "వదిన పొయ్యే ఆ మూలకే. ఇంగ యాడా లేవు. నీళ్ళుపోసిన చోటికి చీమలు రావడం నేను యాడా చూడలేదమ్మా."

ఆయన తల తిప్పి లీలమ్మను చూశాడు. దాహం. ఆకలి. చిక్కిపోవడం. మానని పుండు. చీమలు. ఏ కొత్త పుస్తకమూ అక్కర్లేదు.

మరునాడు పొద్దున్నే ఒక సీసాలో అక్క మూత్రం పట్టుకుని బడికి పోయాడు. ఇంకా ఎవరూ రాలేదు. రసాయనాల బీరువాలో రెండు సీసాలు ఉన్నాయి. ఏటా ద్రాక్షరసంలో చక్కెర ఉందని పిల్లలకు చూపించే మందు. రెండూ కలిపితే ముదురు నీలం. దాంట్లో సీసాలోది నాలుగు చుక్కలు వేసి స్పిరిటు దీపం మీద పట్టుకున్నాడు. నీలంగానే ఉండాలని ఆ నిమిషంలో ఎంతమంది దేవుళ్ళకు మొక్కాడో. నీలం ఆకుపచ్చైంది. పసుపైంది. ఆ తరవాత గొట్టం అడుగునుంచి ఇటుకపొడిలా ఎర్రదనం దిగింది. ద్రాక్షరసానికి కూడా ఎప్పుడూ అంత ఎర్రగా రాలేదు.

పద్నాలుగేళ్ళుగా ఆ సీసాలు ఆ బీరువాలోనే ఉన్నాయి. బీరువా తాళంచెవి కూడా ఆయన మొలతాడుకే ఉంది.

అదే పూట రిక్షా మాట్లాడి అక్కను ఆసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు ఈ ఊరివాడే. వేలు చూసి, వాసన చూసి, మణికట్టుదాకా నొక్కి చూశాడు. చక్కెర రోగం అన్నాడు. ఏం తింటున్నదని అడిగాడు. కృష్ణస్వామి తలవంచుకుని అదిరసాలనుంచి మొదలుపెట్టి అన్నీ చెప్పాడు. దాచడానికి మనసొప్పలేదు.

"ఎన్ని రోజులుగా?"

"నాలుగు వారాలు."

డాక్టరు తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "నెలకు ముందు తెచ్చి, తిండి కట్టి ఉంటే వేలు ఉండేది. ఇంకో వారం ఆగి ఉంటే చెయ్యి పోయేది, బహుశా మనిషే" అన్నాడు. ఆ పైన కత్తి. బొటనవేలు మొదటికంటా తీసేశారు. మూడు రోజులు జ్వరం. ఆ మూడు రోజులూ కృష్ణస్వామి ఆసుపత్రి వరండాలో బెంచీమీదే కూర్చున్నాడు. లోపలినుంచి ఎవరు బయటికి వచ్చినా లేచి నిలబడేవాడు. తనకోసం కాదని తెలిశాక కూర్చునేవాడు. నాలుగోరోజు లీలమ్మ వచ్చి, వదిన నీళ్ళకోసం కాదు, మీకోసం అడుగుతున్నదని చెప్పింది.

కుప్పమ్మాళ్ మంచంమీద కట్టుకట్టిన చెయ్యిని గుండెలమీద పెట్టుకుని ఉంది. మొహం అరచేతంత అయింది.

"నీ పిశాచం వేలు తిననేలేదు కదరా. నీ అదిరసాలు తినింది."

ఆయన ఏడ్చాడు. ఆమె ఎడమచెయ్యి చాపి ఆయన నెత్తిమీద పెట్టింది. "ఊరుకో. తెలీకుండా పెట్టినావు. అప్పుడు తెలీకుండా చెప్పినట్టే."

ఇంటికి వచ్చాక, ఈసారి తాళంచెవి ఎవరికీ ఇవ్వకుండా, ఇంకో పలక మీద ఇంకో మాంటిల్ పెట్టాడు. పద్నాలుగు రోజులు. దామోదరన్ కడిగితే మొదట ఏమీ రాలేదు. చాలాసేపటికి, పొగమంచులో వల ఆరేసినట్టు, సన్నని అల్లిక తేలింది.

"వచ్చింది" అన్నాడు కృష్ణస్వామి, లోగొంతుకతో.

"వచ్చిందిలే" అన్నాడు దామోదరన్. "నా పలక ఎండను చూస్తే రెప్పపాటులో మసి. నీ మాంటిల్ రెండువారాలు దానిమీద పండుకుని, పాపం, ఇంతమాత్రం గీరింది. పులి అనుకుంటివే వాద్యారే? ఇది పిల్లి కూడా కాదు, పిల్లి మీసం."

అప్పుడు ఆయనకు వెనక బల్లనుంచి లేచిన చిన్నదురై గుర్తొచ్చాడు. ఎంత, మెస్యే? కొంచెమా, ఎక్కువా? మరునాడు తరగతిలో ఆ కుర్రవాణ్ణి నిలబెట్టి, ఆ రోజు నిన్ను కూర్చోబెట్టడం నా తప్పు అని ఫ్రెంచిలో చెప్పాడు. పిల్లలు బిత్తరపోయారు. ఆ తరవాత ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఆ పాఠం వచ్చిన రోజు రెండు పలకలూ బడికి తీసుకుపోయేవాడు. నల్లదాన్ని చేతులు మార్చి చూపించి, దీన్ని నల్లబరిచింది ఏమిటో రాయండి అనేవాడు. అందరూ కిరణాలని రాసేవారు. ఆయన దిద్దేవాడు గాని ఆ బొట్టు కథ ఎవరికీ చెప్పేవాడు కాదు.

కుప్పమ్మాళ్ ఇంకా నాలుగేళ్ళు బతికింది. రాగిసంకటి, కాకరకాయ, చక్కెర లేని కాఫీ. ఎడమచేత్తో మాంటిళ్ళు కట్టడం నేర్చుకుంటానని పట్టుబట్టింది. ఆయన వద్దనలేదు, దారాన్ని మాత్రం నోట పెట్టుకోవద్దని గిన్నెలో నీళ్ళు పెట్టి ఇచ్చాడు. ఒక సాయంత్రం ఆమె కొత్త మాంటిల్ కాల్చి, అది తెల్లగా వెలిగాక, నాలుగు వేళ్ళ చెయ్యిని దాని ముందు పట్టి చూసుకుంది.

"నిజం చెప్పరా కిట్టప్పా. దీనివల్ల నాకేమీ కాలేదా? పదేండ్లు నోట పెట్టుకుంటి కదా."

"అయ్యుండొచ్చు అక్కా. కొంచెం."

"కొంచెం అంటే ఎంత?"

ఆ జవాబు కోసం ఆయన ఆ తరవాత వచ్చిన పుస్తకాలన్నీ తెప్పించుకుని చదివాడు, ఎక్కడా దొరకలేదు. ముసలితనంలో కూడా ఏ పెళ్ళికి పిలిచినా పోయేవాడు. పందిట్లో గ్యాసులైటు భుమ్మని వెలిగినప్పుడు అందరూ వెలుగు చూసేవారు. ఆయన దాని కిందకు చేరిన పిల్లలను భుజం పట్టుకుని, ఎందుకో చెప్పకుండా, ఒక్క అడుగు వెనక్కి జరిపేవాడు.